వాగును చదవడం – 3వ పాఠం: రాయి మీది పాకుడు

పోయిన పాఠంలో మైక్రోస్కోప్ సర్దుకోవడం నేర్చుకున్నాం, ఈసారి వాగు ఎంత పాడైందో తెలుసుకోవడానికి అందులోకి దిగుదాం. సీసాలో నీళ్లు పట్టి పరీక్షిస్తే ఆ నిమిషంలో నీళ్లలో ఏముందో తెలుస్తుంది, అంతే. రాత్రి ఎవరో మురుగు వదిలితే తెల్లారేసరికి అది కొట్టుకుపోతుంది, మీ సీసాకి దొరకదు. రాతిని పట్టుకున్న పాకుడు మాత్రం ఎక్కడికీ పోలేక వారాల తరబడి వచ్చిందల్లా భరిస్తుంది కాబట్టి మనం దాన్నే అడుగుతాం.

పిక్కలోతు పారే నీళ్లలో, ఎండ తగిలే చోట అరచేతంత రాళ్లు ఐదు తీసుకోండి. చేతులకు గ్లవ్స్ ఉండాలి, వాన పడి వాగు పొంగితే ఆ జోలికే వెళ్లొద్దు. పైముఖాన్ని టూత్‌బ్రష్‌తో రుద్ది, కాసిని నీళ్లతో తెల్ల ట్రేలోకి కడగండి. చోటు మారితే బ్రష్ కూడా మార్చాలి, లేకపోతే అక్కడి జీవులు ఇక్కడి లెక్కలో కలిసిపోతాయి. ట్రేలోని గోధుమరంగు నీళ్లు ఒక చుక్క స్లైడ్ మీద వేసి, కవర్ స్లిప్ పెట్టి 400 రెట్లలో చూడండి.

బంగారు గోధుమరంగులో పడవల్లా కనిపించేవి డయాటమ్‌లు, అంటే ఒకే కణం ఉండే నాచు జీవులు. వాటి పెంకు సిలికా, అంటే గాజులోని పదార్థమే. లోపల రంగు లేని ఖాళీ పెంకుల్ని లెక్కలోకి తీసుకోకండి, అవి ఎప్పుడో చచ్చినవో, ఎక్కడినుంచో కొట్టుకొచ్చినవో కావచ్చు. ఇప్పుడు ఓపిగ్గా ఒకదాని మీదే చూపు నిలపండి. కొన్ని మెల్లగా ముందుకి జారి, ఆగి, మళ్లీ వెనక్కి వస్తాయి. పెంకులో ఉన్న సన్నని చీలికలోంచి జిగురు వదులుతూ కదులుతాయవి. నావిక్యులా, నిట్జ్‌షియా ఈ రకమే. దున్నిన పొలాల నుంచో, కట్టడాల నుంచో మట్టి కొట్టుకొచ్చి రాళ్ల మీద పేరుకుంటే అంటుకుని బతికేవి కింద పూడిపోతాయి, ఇవి మాత్రం పైకి పాక్కుంటూ వచ్చేస్తాయి. అందుకే వంద డయాటమ్‌లలో ఎన్ని కదిలేవో రాసుకోండి. ఇది నాకు అన్నిటికన్నా నచ్చిన లెక్క, పేర్లు తెలియకపోయినా పని జరుగుతుంది.

మురుగు సంగతి వేరు. అక్కడ బూడిదరంగు దూదిలాంటి పోగులు రాళ్లకు వేలాడుతుంటాయి. చాలామంది నాచు అనుకుంటారు గానీ అవి ఎక్కువగా స్ఫీరోటిలస్ అనే బ్యాక్టీరియా దారాలు. పక్కనే కాడ మీద గంట ఆకారంలో వోర్టిసెల్లా అనే ఏకకణ జీవి ఉంటే స్లైడ్‌ని చిన్నగా తట్టండి, చటుక్కున ముడుచుకుంటుంది. దాని తిండి బ్యాక్టీరియా, కాబట్టి అది గుంపులుగా ఉందంటే తిండికి కొదవ లేదన్నమాట. జీవుల్ని చూసి మురుగు స్థాయి చెప్పే పద్ధతిని కోల్‌క్విట్జ్, మార్సన్ అనే ఇద్దరు జర్మన్లు 1908–09లోనే రాసిపెట్టారు.

ఎరువుల నైట్రేట్, ఫాస్ఫేట్ చేరితే పొడవాటి పచ్చ నాచు పెరుగుతుంది. లోహాల వల్ల పెంకులు వంకర తిరగడం కూడా ఉంది, కానీ అది చూడాలంటే పెంకుల్ని యాసిడ్‌తో శుభ్రం చేయాలి, ఇంట్లో వద్దు.

ఒక్క స్లైడ్ చూసి ఎవరి మీదా నింద వేయకండి. నీడ, ప్రవాహ వేగం కూడా లెక్కల్ని మారుస్తాయి. ఏదైనా కాలువ వాగులో కలిసే చోటు చూసుకుని, దానికి ఎగువన ఒకటి, దిగువన ఒకటి, ఒకే లోతులో ఒకేలాంటి రాళ్ల నుంచి నమూనాలు తీసి కదిలే డయాటమ్‌లు లెక్కపెట్టండి. నాలుగో పాఠం ఆ రెండు అంకెలతోనే మొదలవుతుంది.