బిడ్డ కోసం చూసే మగవాళ్లు చర్మం మందుల స్ట్రిప్ చదవాల్సిన తీరు

అనంతపురంలోనైనా కడపలోనైనా ఎండాకాలమంటే తొడసందుల్లో తామర. మెడికల్ షాపుకెళ్లి ఓ స్ట్రిప్ తెచ్చుకుంటారు. దాన్ని వెనక్కి తిప్పి, కంపెనీ పెట్టిన పేరు కాదు, అసలు మందు పేరు చదవండి. గ్రిసియోఫుల్విన్ అయితే కోర్సు ముగిశాక 6 నెలలదాకా బిడ్డ కోసం చూడొద్దని దానితో వచ్చే కాగితమే చెబుతుంది. టెర్బినఫిన్‌కు మగవాళ్లకు ఆ గడువు లేదు. రాయించుకునేటప్పుడే నోరు విప్పి చెబితే మందు మార్చడం తేలిక.

వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది. చాలా మందులకు ఆపాక 3 నెలలు ఆగాలనే లెక్క అక్కడినుంచే వచ్చింది.

సోరియాసిస్‌కిచ్చే మెథోట్రెక్సేట్‌నూ 3 నెలల ముందు ఆపమని కాగితంలో ఉంటుంది. తండ్రి వాడినందుకు బిడ్డకు హాని పెరిగినట్టు అధ్యయనాల్లో కనబడలేదు గనక కొందరు డాక్టర్లు కొనసాగిస్తారు. సొంతంగా ఆపితే జబ్బు తిరగబెడుతుంది, అడిగి ఆపండి. ఈలోపే భార్య నెల తప్పితే కంగారుపడి కడుపు తీయించొద్దు, డాక్టరుకు చెప్పండి. అన్నట్టు, ఇది వారానికి ఒక్కరోజు వేసుకునే మందు. రోజూ మింగితే ప్రాణాపాయం.

జుట్టు రాలకుండా వాడే ఫినాస్టెరైడ్ కొందరిలో వీర్యకణాల సంఖ్య తగ్గిస్తుంది, ఆపితే కొన్ని నెలల్లో కోలుకుంటుంది. డ్యూటాస్టెరైడ్ మాత్రం ఒంట్లో నెలల తరబడి ఉంటుంది, ముందునుంచే ఆలోచించాలి. గర్భిణి విరిగిన ఫినాస్టెరైడ్ మాత్రనుగానీ, కారిన డ్యూటాస్టెరైడ్ క్యాప్సూల్‌నుగానీ ముట్టుకోకూడదు.

మొటిమల ఐసోట్రెటినాయిన్‌కు మగవాళ్లు భయపడనక్కర్లేదు. ఆ స్ట్రిప్ భార్య చేతికివ్వకూడదు, అంతే: ఆమె వేసుకుంటే కడుపులో బిడ్డకు తీవ్ర లోపాలొస్తాయి. వాడుతున్నన్నాళ్లు, ఆపాక ఇంకో నెల రక్తదానం చేయొద్దు.

అసలు జాగ్రత్త రెండింటితో. కుష్ఠు రియాక్షన్లకిచ్చే థాలిడోమైడ్ వీర్యంలోకి చేరుతుంది. వాడుతున్నన్నాళ్లు, ఆపాక 4 వారాలు కండోమ్ తప్పనిసరి. పెంఫిగస్ బొబ్బలకు వాడే సైక్లోఫాస్ఫమైడ్ వీర్యకణాల తయారీనే దెబ్బతీస్తుంది, ఒక్కోసారి శాశ్వతంగా. మొదటి డోసుకు ముందే వీర్యం భద్రపరిచే సంగతి అడగాలి. తర్వాత అడిగి లాభం లేదు.

కర్నూలు పెద్దాసుపత్రి చర్మం ఓపీకి వెళ్లేటప్పుడు స్ట్రిప్‌లన్నీ పట్టుకెళ్లండి, ట్యూబులు కూడా. వీర్యపరీక్ష రాస్తే 2 నుంచి 7 రోజులు వీర్యం పోనివ్వకుండా ఉండి ఇవ్వండి. మందు ఆపాక చేయించుకునేదైతే 3 నెలలు గడవాలి. అంతకుముందు వచ్చే లెక్క పాత కణాలదే.