సిరిమాను మేడెక్కితే ఏం చెయ్యాలి

దసరా సెలవులయ్యాక మా విజయనగరం ట్యూషన్‌లో పిల్లల చేత పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం గురించి ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాయించాను. ఒకడు ‘ఐ సా ద సిరిమాను స్టాండింగ్ ఆన్ అవర్ టెర్రస్’ అని రాశాడు. పక్కనున్న పిల్ల చదివి, “ఏటీ, సిరిమాను మీ మేడెక్కిందా?” అంది. ఉత్సవంలో కోట దాకా మూడుసార్లు ఊరేగే అంత పొడవాటి చెట్టు మాను వీడి డాబా మీద నిలబడిందన్నమాట! స్పెల్లింగ్ బాగుంది, టెన్స్ బాగుంది, మాటే ఉండాల్సిన చోట లేదు. మిస్‌ప్లేస్డ్ మాడిఫయర్ అంటే ఇదే.

తెలుగులో ‘ని, కి, లో’ ఉన్నాయి కాబట్టి మాటలు కాస్త అటూఇటూ జరిపినా అర్థమైపోతుంది, ఇంగ్లీషులో ఆ పని చాలావరకు మాట కూర్చున్న చోటు చేస్తుంది. కాబట్టి ‘ఎవరు?’ అని అడగండి. నిలబడింది ఎవరు? నేను. అయితే ఆ ముక్కని ‘ఐ’ పక్కకి తెచ్చేయండి: ‘స్టాండింగ్ ఆన్ అవర్ టెర్రస్, ఐ సా ద సిరిమాను’.

అసలు చిక్కు ఇంకోటుంది. ‘వాకింగ్ టు ద కాంప్లెక్స్, ద రెయిన్ స్టార్టెడ్’. ఇక్కడ వాన కాంప్లెక్స్‌కి, అంటే మా బస్టాండుకి, నడిచింది. మనం లోపల ‘నడుస్తుంటే వాన మొదలైంది’ అనుకుని రాస్తాం, అది మంచి తెలుగే, కానీ ఇంగ్లీషులో ముందొచ్చే ‘వాకింగ్’ మన ‘నడుస్తూ’ లాంటిది, నడిచేవాడే కామా తర్వాత రావాలి. ‘నడుస్తూ వాన మొదలైంది’ అని మనమూ అనం కదా. ఇక్కడ జరిపితే సరిపోదు, నడిచే మనిషిని తేవాలి: ‘వైల్ ఐ వాజ్ వాకింగ్ టు ద కాంప్లెక్స్, ఇట్ స్టార్టెడ్ రెయినింగ్’.

‘స్టూడెంట్స్ హూ ప్రాక్టీస్ ఆఫెన్ పాస్’ లాంటివి రెండు వైపులా చూస్తాయి. తరచూ ప్రాక్టీసా, తరచూ పాసా? ‘హూ ఆఫెన్ ప్రాక్టీస్’ అంటే గొడవ లేదు.

ఇక ‘ఓన్లీ’. మన ‘రేపే’లోని ‘ఏ’ మాట చివర అతుక్కుంటుంది, అందుకే ‘టుమారో ఓన్లీ’ అనేస్తుంటాం. రాతలో మాత్రం ఆ మాటకి ముందు పెట్టండి. ‘ఓన్లీ ఐ బాట్ క్యాష్యూస్ ఇన్ పలాస’ అంటే నేనే కొన్నాను, ‘ఐ బాట్ ఓన్లీ క్యాష్యూస్’ అంటే జీడిపప్పే, ‘ఓన్లీ ఇన్ పలాస’ అంటే పలాసలోనే. ముందు తెలుగులో అనుకోండి, ‘ఏ’ దేనికి అతుక్కుందో చూసి, దాని ముందు ‘ఓన్లీ’ పెట్టేయండి.