బీమా సర్వేకి బోటును ఎలా సిద్ధం చేయాలి?

మన తీరంలో మర బోట్లకు వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. ఈ 61 రోజుల్లోనే బోటు ఒడ్డెక్కాలి, మరమ్మతులు జరగాలి, బీమా సర్వే అయిపోవాలి. చాలామంది ఓనర్లు బోటుకు కొత్త రంగు వేయించి, పెళ్లికూతురిలా ముస్తాబు చేశాక సర్వేయర్‌ని పిలుస్తారు. దయచేసి అలా చేయకండి. రంగు కింద ఏ చెక్క మెత్తబడిందో ఆయనకూ కనపడదు, మీకూ కనపడదు. నడిసముద్రంలో కలాసీల ప్రాణాలు ఆ చెక్క మీదే ఉంటాయి.

ముందు స్లిప్‌వే, అంటే బోటును ఒడ్డుకు లాగే వాలు, మాట్లాడుకోండి. జూన్ దగ్గరపడితే అందరూ ఒకేసారి ఎగబడతారు. బోటు పైకి రాగానే, తడి ఆరకముందే నాచు, గుల్లలు గీకించండి. ఆరితే గుల్లలు రాయిలా బిగుసుకుంటాయి. తర్వాత మంచినీళ్లతో కడిగి నాలుగైదు రోజులు ఆరనివ్వండి.

ఇక అసలు పని. ఒక దబ్బనం, చిన్న సుత్తి పట్టుకుని సరంగుతో (బోటు నడిపే మనిషితో) కలిసి మీరే బోటు చుట్టూ తిరగండి. పలకల సందులు, అడుగు దూలం, చుక్కాని చుట్టుపక్కల, ఇంజన్ దిమ్మె కింద దబ్బనంతో పొడిచి చూడండి. మంచి చెక్కలో అది దిగదు, పుచ్చిన చెక్కలో వెన్నలో దిగినట్టు దిగుతుంది. సుత్తితో కొడితే గట్టి చెక్క ఠంగుమంటుంది, పుచ్చింది బొదబొదమంటుంది. పైన ఫైబర్ పూత ఉన్న బోటైతే డొల్ల శబ్దం వచ్చిన చోట పూత ఊడి లోపల నీరు చేరి ఉండొచ్చు. అనుమానం ఉన్న ప్రతిచోటా సుద్దముక్కతో గుండ్రంగా గీత గీయండి. లప్పం పెట్టకండి. ఆ గీతలు చూస్తే సర్వేయర్‌కి మీ మీద నమ్మకం పెరుగుతుంది.

వలలు, తాళ్లు, ఐసు పెట్టెలు అన్నీ దించేయండి. అడుగున చేరిన నీళ్లు తోడేయండి.

ఇంజన్ మీది నూనె జిడ్డు కడిగేస్తే ఎక్కడ కొత్తగా కారుతోందో తెలుస్తుంది. సర్వే రోజు పొద్దున మాత్రం ఇంజన్ ముందే నడిపి వేడెక్కించకండి. చల్లటి ఇంజన్ ఎంతసేపటికి అందుకుంటుందో, ఎలాంటి పొగ వదులుతుందో చూస్తే దాని ఆరోగ్యం తెలుస్తుంది. నీళ్లలో బోటును నెట్టే ఫ్యాను షాఫ్టును చేత్తో పట్టుకుని ఊపి చూడండి. బోటు అడుగున బిగించిన జింకు పలకలు సగం కరిగి ఉంటే మార్చండి. వాటి మీద రంగు పూస్తే పనిచేయవు. మిగతా లోహాల బదులు తామే కరగడం కోసం పెట్టినవి అవి.

2023 నవంబర్ 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో పదుల సంఖ్యలో బోట్లు తగలబడిపోయాయి. అందుకే పొయ్యి, గ్యాస్ గొట్టం, బ్యాటరీ వైర్లను తేలిగ్గా తీసుకోకండి. అతుకుల వైరుంటే కొత్తది వేయించండి. మంటలార్పే సిలిండర్ గడువు చూడండి. లైఫ్ జాకెట్లు తలకొకటి ఉండాలి, అవి మూటగట్టి మూలన కాక చేతికందేలా ఉండాలి.

రిజిస్ట్రేషన్, లైసెన్సు, పాత పాలసీ, మరమ్మతు బిల్లులు ఒకే సంచిలో పెట్టండి. ఇంజన్ మీది నంబరు కాగితాల్లోని నంబరుతో సరిపోవాలి. ఇంజన్ మార్చి కాగితాల్లో మార్పించకపోతే రేపు క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది.

సర్వే రోజు నిచ్చెన, మంచి టార్చిలైటు, పక్కన సరంగు ఉంటే చాలు. అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పండి. ఆయన రాసిచ్చిన పనులన్నీ చేయించి, తీసేసిన చెక్కలను ఫొటో తీసి, బిల్లులు దాచుకున్నాక రంగు డబ్బా మూత తీయండి.