బరంపురం వాకిట్లో మోటార్‌హోమ్: కొనడం, చూసుకోవడం, తిప్పడం

కారవాన్ అనగానే మనకు షూటింగు జరిగే చోట చెట్టు నీడన, పక్కనే జనరేటరు మోతతో నిలబడి ఉండే బండి గుర్తుకు వస్తుంది. దాని పని చాలావరకు ఒకచోట నిలబడి ఉండడమే. మోటార్‌హోమ్ పని వేరు. నీళ్లు, గ్యాసు, మంచాలు, బ్యాటరీలు, మరుగుదొడ్డి అన్నింటినీ మోసుకుంటూ అది సాలూరు ఘాటీ ఎక్కాలి, దిగాలి, ఆ రాత్రి కరెంటు లేని చోట కూడా మనల్ని చల్లగా నిద్రపుచ్చాలి. బరంపురంలో ఉంటూ ఇలాంటి బండిని నాలుగేళ్లుగా నడుపుతున్నాను కనుక, గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగువారిలో ఎవరికైనా కొనే ఆలోచన ఉంటే పనికివస్తుందని తెలిసినంత మేరకు రాస్తున్నాను.

కొనే ముందు

లగ్జరీ అంటే తోలు సోఫాలు, రంగులు మారే లైట్లు, గోడంత టీవీ అని బండి కట్టేవారు చూపిస్తారు. నా లెక్కలో అసలైన లగ్జరీ ఏమిటంటే, బండి దారిలో మొరాయించినప్పుడు పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో ఉన్న మెకానిక్ దాని బానెట్ ఎత్తి, "ఇది నాకు తెలుసు" అనగలగడం. అందువల్ల ముందుగా చూడవలసినది లోపలి అలంకరణను కాదు, కింద ఉన్న ఛాసిస్‌ను, అంటే ఇంజిను, చక్రాలు ఉన్న అసలు చట్రాన్ని. ఫోర్స్ ట్రావెలర్, అర్బేనియా, టాటా వింగర్ వంటి వాటిపై కట్టిన బండి ఇద్దరికి, సర్దుకుంటే నలుగురికి సరిపోతుంది. నిలువెత్తు స్నానాల గది, విడిగా పడకగది కావాలంటే భారత్‌బెంజ్ వంటి బస్సు ఛాసిస్‌కు వెళ్లక తప్పదు. అయితే మొత్తం బరువు 7500 కిలోలు దాటని వాహనానికే లైట్ మోటార్ వెహికిల్ లైసెన్సు చెల్లుతుంది. పది టన్నుల తరగతి బస్సు ఛాసిస్ ఆ హద్దు దాటుతుంది కాబట్టి ఆ బరువుకు తగిన లైసెన్సు ఉండాలి, లేదా ఆ లైసెన్సు ఉన్న డ్రైవరును పెట్టుకోవాలి.

మన దేశంలో మోటార్ కారవాన్లకు (నియమాల భాషలో మోటార్‌హోమ్ పేరు ఇదే) ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం ఆమోదం పొందిన బండిని కొనడమో, ఆమోదం తెచ్చి ఇచ్చే పూచీ తీసుకున్నవారి చేత కట్టించుకోవడమో చేయాలి. మామూలు వ్యాను కొని, సీట్లు పీకించి, తెలిసిన వడ్రంగి చేత మంచాలు బిగించుకుంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అడ్డం వస్తుంది. అంతకంటే పెద్ద చిక్కు, ప్రమాదం జరిగిన రోజున బీమా క్లెయిము దగ్గర ఎదురవుతుంది. ఇచ్ఛాపురం సరిహద్దుకు అటు ఒక ఇల్లు, ఇటు ఒక ఇల్లు ఉన్న కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. ఆంధ్ర నంబరు బండిని ఒడిశాలో వరుసగా పన్నెండు నెలలకు మించి ఉంచితే, పాత ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకుని ఇక్కడ తిరిగి రిజిస్టరు చేయించాలి. బండి ఏ ఊళ్లో ఎక్కువ కాలం ఉంటుందో కొనేటప్పుడే తేల్చుకుంటే ఈ తిరుగుడు తప్పుతుంది.

బరువు

నన్ను అందరికంటే ఎక్కువగా భయపెట్టింది ఇదే. మొదటిసారి తప్తపాణి ఘాటు ఎక్కుతున్నప్పుడు స్టీరింగు చేతిలో తేలిపోయినట్టు అనిపించింది. మలుపు తిప్పితే ముందు చక్రాలు ఒక క్షణం ఆలోచించుకుని తిరుగుతున్నట్టు ఉంది. తిరిగి వచ్చాక లారీలు తూచే ధర్మకాటాకు తీసుకువెళ్లి, ముందు చక్రాలను మాత్రమే ఎక్కించి ఒకసారి, బండి మొత్తాన్ని ఎక్కించి ఒకసారి తూయించాను. కాటా దగ్గర కూర్చున్న పెద్దాయన చీటీ చేతికిస్తూ, "బాబూ, మీ బండి వెనక్కి కూర్చుండిపోయింది, చూసుకోండి" అన్నారు. కట్టినవారు చోటు కలిసివస్తుందని 250 లీటర్ల మంచినీళ్ల ట్యాంకును వెనుక చక్రాలకు అవతల బిగించారు. నిండితే అదొక్కటే పావు టన్ను. అవతల పడిన బరువు వెనుక ఇరుసును తొక్కడమే కాదు, తక్కెడ మాదిరిగా ముందు ఇరుసును పైకి లేపుతుంది. ట్యాంకును రెండు ఇరుసుల మధ్యకు మార్పించాక ఆ బెదురు పోయింది.

కాబట్టి బండిని స్వాధీనం చేసుకునేటప్పుడు నీళ్లు, డీజిలు, గ్యాసు, పక్కబట్టలు, మనుషులు అన్నీ ఉన్న స్థితిలో కాటాకు ఎక్కించండి. ఒక్కో ఇరుసు మీద పడే బరువును ఆ ఛాసిస్‌కు తయారీదారు ఇచ్చిన పరిమితితో సరిచూసి, టైర్ల గాలిని కూడా ఆ బరువును బట్టే నింపించండి. దగ్గరలో నీళ్లు దొరికే దారి అయితే ట్యాంకు సగమే నింపుకుని బయలుదేరడం మంచిది.

కరెంటు

ఏసీ లేకుండా మన కోస్తాలో మే నెల రాత్రి గడవదు కాబట్టి బ్యాటరీల లెక్క అంతా ఏసీ చుట్టూనే తిరుగుతుంది. 12.8 వోల్టుల, 400 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో సుమారు ఐదు యూనిట్ల కరెంటు నిలవ ఉంటుంది. ఇన్వర్టరు తినేది పోగా చేతికి నాలుగు యూనిట్లు వస్తాయి. సగటున 800 వాట్లు తీసుకునే ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ దానితో ఐదు గంటలు నడుస్తుంది, అంటే రాత్రి పదింటికి వేస్తే తెల్లవారుజామున మూడు వరకు. ఇదే కరెంటు ఇంట్లో వాడే ట్యూబులర్ బ్యాటరీల నుంచి రావాలంటే, వాటిని సగానికి మించి ఖాళీ చేయకూడదు కాబట్టి 150 ఆంపియర్-అవర్లవి ఆరుకు తక్కువ చాలవు, ఆ ఆరే మూడు వందల కిలోలు దాటుతాయి. ధర చూసి వాటికి మొగ్గకండి.

పైకప్పు మీద 600 వాట్ల సోలార్ పలకలు ఉంటే, మబ్బు లేని రోజున రెండు నుంచి రెండున్నర యూనిట్లు వస్తాయి. ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లకు అది చాలు, ఏసీకి చాలదు. బండి నడిచేటప్పుడు ఆల్టర్నేటరు (ఇంజినుతో తిరుగుతూ కరెంటు పుట్టించేది) నుంచి లిథియం బ్యాటరీని నింపుకోవాలంటే మధ్యలో కరెంటును అదుపులో పంపే డీసీ-డీసీ చార్జరు తప్పనిసరి. నేరుగా కలిపితే ఆ బ్యాటరీ ఎంత దొరికితే అంత లాగేసుకుని ఆల్టర్నేటరును కాల్చేస్తుంది.

ఊళ్లలో బంధువుల ఇంటి ప్లగ్గు నుంచి కరెంటు తీసుకునేటప్పుడు మరో జాగ్రత్త ఉంది. మా అత్తగారి ఊరిలో వైరు కలిపిన పది నిమిషాలకు, తడి కాళ్లతో మెట్టెక్కబోయిన మా బావ తలుపు పిడి పట్టుకుని చెయ్యి విదిలించుకున్నాడు. ఆ ఇంటికి ఎర్తింగ్ లేదు, మా బండిలో గీజరు నుంచి కరెంటు లీకవుతోంది. ఆ రోజు నుంచి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) లేకుండా, టెస్టరుతో ప్లగ్గును చూడకుండా వైరు కలపడం మానేశాను. ఇంట్లో వైరింగు సన్ననిదైతే ఏసీ, ఇండక్షన్ పొయ్యి ఒకేసారి వేయకండి.

నీళ్లు, మరుగు

అమ్మేవారు ఒక్క ముక్కలో దాటేసే విషయం ఇది. వాడిన నీళ్ల ట్యాంకు మంచినీళ్ల ట్యాంకుకు ఇంచుమించు సమానంగా ఉండాలి, లేకపోతే రెండో రోజుకే స్నానాలు బంద్. మరుగుదొడ్డికి పెట్టెలా బయటికి లాగే క్యాసెట్ రకం మన ప్రాంతానికి నప్పుతుంది. దానిలో ఇరవై లీటర్ల లోపే పడుతుంది కాబట్టి ఇద్దరికి రెండు మూడు రోజులకు మించి రాదు, ఎండాకాలంలో అయితే రెండో సాయంత్రానికే వాసన మొదలవుతుంది. మన దారుల్లో దాన్ని ఖాళీ చేయడానికి ప్రత్యేకమైన చోట్లు ఉండవు కనుక, సెప్టిక్ ట్యాంకు ఉన్న హోటలు వారినో బంధువులనో ముందుగా అడిగి, ఒప్పుకున్న చోటే పారబోసి, రెండు బకెట్ల నీళ్లు కొట్టి రావాలి. కాలువలో, పొలం గట్టున, ముఖ్యంగా చిలికా ఒడ్డున చెయ్యకూడని పని ఇది. 1981లో రామ్‌సర్ జాబితాకు ఎక్కిన సరస్సు అది. రంభ దగ్గర ఆ నీళ్లలోనే వల వేసి బతికే కుటుంబాలు మన బండిని చూస్తూ ఉంటాయి.

ఉప్పుగాలి, వాన, ఎలుకలు

గోపాల్‌పూర్ మన ఊరికి 16 కిలోమీటర్ల దూరమే కాబట్టి కొత్త బండితో అందరూ మొదట అక్కడికే వెళతారు. బీచికి దగ్గరగా ఇసుకలో నిలపకండి. దిగబడితే నాలుగు టన్నుల బండిని తోసేవాళ్లు ఉండరు. తిరిగి వచ్చిన సాయంత్రమే ఛాసిస్ అడుగుభాగం, చక్రాల లోపలి గూళ్లు, మెట్టు కీళ్లు మంచినీళ్లతో కడిగించండి. రేపు చూద్దాం అనుకున్న ఉప్పు ఒక్క వానాకాలంలో బోల్టును మింగేస్తుంది.

బండి నిజంగా పాడయ్యేది పైకప్పు నుంచి. ఏసీ, సోలార్ పలకలు, గాలి కిటికీ బిగించిన ప్రతి రంధ్రం చుట్టూ సీలెంట్ ఉంటుంది. మన ఎండకు అది బీటలు వారుతుంది. జూన్ మొదటి వానకు ముందు నిచ్చెన వేసుకుని ఎక్కి, అంచుల వెంబడి గోటితో గీరి చూడండి. పెచ్చుగా లేచిన చోట పాతది తీసేసి కొత్త పాలీయురేథేన్ సీలెంట్ పెట్టించండి. లోపల పైమూలల్లో, కిటికీల కింద బొటనవేలితో నొక్కి చూడడం ప్రతి నెలా చేయవలసిన పని. ప్లైవుడ్ కాస్త మెత్తగా తగిలితే నీళ్లు అప్పటికే చాలా రోజులుగా దిగుతున్నట్టు.

టైర్లకు అరుగుదల కంటే వయసు ముఖ్యం. ఇలాంటి బండ్లు తిరిగేది తక్కువ, నిలబడేది ఎక్కువ. టైరు పక్కన ఉండే నాలుగంకెల గుర్తులో మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. ఆరేళ్లు దాటితే గాడులు ఎంత లోతుగా ఉన్నా మార్చేయండి. కోతలయ్యాక పొలాల నుంచి వచ్చే ఎలుకలు వైర్ల పని పడతాయి, వైర్లు లోపలికి వెళ్లే కంతలను స్టీలు పీచుతో మూయండి. ఎల్‌పీజీ గాలి కంటే బరువైనది కనుక సిలిండరు పెట్టెకు అడుగున గాలిరంధ్రం, గ్యాసు పసిగట్టే అలారం నేలకు దగ్గరగా ఉండాలి.

అక్టోబరు గురించి మన ప్రాంతంవారికి చెప్పనక్కరలేదు. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస వైపు దాటి గజపతి కొండలను కూడా ముంచింది. గాలికి ఎత్తైన బండి తెరచాప లాంటిది. హెచ్చరిక రాగానే ట్యాంకు నిండా నీళ్లు పట్టి బరువు పెంచి, చెట్లకూ రేకుల షెడ్లకూ దూరంగా, పక్కా భవనం చాటున ముక్కు గాలివైపు పెట్టి నిలపండి. అప్పుడు లోపల ఎవరూ పడుకోకూడదు.

దారిలో

బయలుదేరే ముందు ఏసీతో కలిపి బండి ఎత్తు కొలిచి, ఆ అంకెను అద్దం పక్కన రాసి అంటించండి. రైల్వే అండర్‌బ్రిడ్జిల ముందు ఉండే ఇనుప అడ్డకమ్మీ, ఊళ్లలో కిందికి వేలాడే కరెంటు తీగ రెండూ మూడు మీటర్ల బండి కోసం కాచుకుని ఉంటాయి.

మొదటి ప్రయాణాలకు తప్తపాణి మంచిది. బరంపురం నుంచి సుమారు 50 కిలోమీటర్లు, వేడినీటి బుగ్గ, చిన్న ఘాటు, ఏదైనా చెడితే సాయంత్రానికి ఇంటికి చేరవచ్చు. చేయి తిరిగాక శీతాకాలంలో సాలూరు, సుంకి, పొట్టంగి మీదుగా సిమిలిగుడ, కొరాపుట్ వెళ్లండి. ఘాటు ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలనే లారీ డ్రైవర్ల పాత మాట ఈ బండికి మరీ వర్తిస్తుంది. బ్రేకు మీద కాలు ఆనించే ఉంచితే సగం దారిలోనే లైనర్లు కాలిన వాసన వస్తుంది, ఆ తరువాత తొక్కినా పట్టవు. ఒడిశాలోకెల్లా ఎత్తైన 1672 మీటర్ల దేవమాలి మీదకు మాత్రం పెద్ద బండిని తీసుకువెళ్లకండి, కింద నిలిపి జీపులో వెళ్లండి.

రాత్రి బసకు పగటి వెలుగు ఉండగానే చోటు అడగాలి. ప్రభుత్వ పంథనివాసాల (పర్యాటకుల బసల) ఆవరణ, పెట్రోలు బంకు, గుడి మైదానం, ఏదైనా సరే అక్కడివారిని అడిగి నిలపండి. అడవి దారుల్లో ఏనుగుల భయం ఉంటుంది, అక్కడ రాత్రి ఆగవద్దు. కొరాపుట్ చలిలో కిటికీలన్నీ బిగించి పడుకుంటే తెల్లారేసరికి అద్దాల మీద మన ఊపిరే నీళ్లయి కారుతుంది, పైకప్పు కిటికీని ఒక అంగుళం తెరిచి ఉంచండి.

ఇంటికి చేరిన రోజున అలసటతో తాళం వేసి లోపలికి వెళ్లిపోవాలనిపిస్తుంది. గ్యాసు కట్టేసి, మూడు ట్యాంకులూ ఖాళీ చేసి, లిథియం బ్యాటరీని సగం చార్జితో వదిలి, ఫ్రిజ్ తలుపు మూసుకోకుండా మడిచిన తువ్వాలు పెట్టాకే తాళం వేయండి.