వాన లెక్క మన చేలోనే రాసుకుందాం

మాది పర్లాకిమిడి పక్క ఊరు, ఇల్లు ఒడిశాలో ఉంటే పొలం ఆంధ్రాలో పాతపట్నం వైపు ఉంది. ఇక్కడ ఎవర్ని అడిగినా నిన్న వాన గట్టిగా పడిందంటారు గానీ ఎంత పడిందో చెప్పలేరు. పేపర్లో వచ్చేదేమో ఆంధ్రాలో మండలం అంకె, ఒడిశాలో బ్లాకు అంకె. మహేంద్రగిరి వైపు కుంభవృష్టి కురిసి మన చేలో దుమ్ము కూడా అణగని రోజులు ఎన్ని చూడలేదు! అందుకే ఎవరి చేను వాన వాళ్లే కొలుచుకోవాలని నా గట్టి నమ్మకం.

కావాల్సిన సరుకు తక్కువే. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా, ఒక గరాటు, మందుల షాపులో దొరికే 10 మిల్లీలీటర్ల సిరంజి. గరాటు నోటి వెడల్పు స్కేలుతో కొలవండి. 11.3 సెంటీమీటర్లు ఉంటే లెక్క చాలా సులువు: దాని వైశాల్యం 100 చదరపు సెంటీమీటర్లు, కాబట్టి సిరంజి నిండా ఒకసారి నీళ్లు వస్తే ఒక మిల్లీమీటరు వాన పడినట్టు. వేరే సైజైతే వెడల్పుని వెడల్పుతో గుణించి, దాన్ని మళ్లీ 0.785తో గుణించి, 10తో భాగించండి, ఎన్ని మిల్లీలీటర్లకు ఒక మిల్లీమీటరో తెలుస్తుంది. 15 సెంటీమీటర్ల గరాటుకి అది 17.7. సీసా గాలికి పడిపోకుండా ఇసుక నింపిన బకెట్లో దించి, గరాటుకీ సీసా మూతికీ మధ్య సందు లేకుండా టేపు చుట్టండి, లేకపోతే గరాటు బయట జారే నీళ్లు కూడా లోపలికి పోయి లెక్క పెరిగిపోతుంది. చెట్టు ఎంత ఎత్తుంటే కనీసం దానికి రెండింతల దూరంలో పెట్టాలి. కొబ్బరిచెట్టు 15 మీటర్లుంటే 30 మీటర్లు జరగాల్సిందే, ఇంటి చూరు పక్కన అసలు వద్దు.

రోజూ పొద్దున్న 8.30కి చూడండి, వాతావరణ శాఖ వాళ్ల రోజు కూడా అప్పుడే మారుతుంది. సోమవారం రాత్రి పడిన వాన మంగళవారం తేదీ కింద రాయాలి. వాన లేని రోజున సున్నా రాయండి, ఊరెళ్లి చూడలేకపోతే గీత పెట్టండి. ఈ రెండూ కలిపేస్తే పుస్తకం పనికిరాదు, ఎందుకంటే మన పంటని ఎండగట్టేది ఆ సున్నాల వరసే, దాన్ని పట్టుకోవడానికే ఈ శ్రమంతా. కనీసం 2.5 మిల్లీమీటర్లు పడితేనే శాఖ లెక్కలో వాన రోజు. 64.5 నుంచి భారీ వర్షం. తుపాను కబురుంటే సాయంత్రం కూడా ఒకసారి కొలిచి సీసా ఖాళీ చేసి, ఆ అంకె మర్నాటి పొద్దుటి అంకెకి కలపండి, 11.3 గరాటుకి ఈ సీసా 200 మిల్లీమీటర్ల దగ్గరే నిండిపోతుంది.

నెలల లెక్కన కూడితే మన పెద్దవాళ్లకి అర్థం కాదు, కార్తెల వారీగా కూడండి. మృగశిర, ఆరుద్ర, పునర్వసు, ఇలా పదమూడు పద్నాలుగు రోజులకో మొత్తం, దాని పక్కన వాన రోజులెన్ని, మధ్యలో ఒక్క చుక్క పడని ఎడం ఎన్ని రోజులు అని మూడు అంకెలు రాయండి. పునర్వసులో 100 మిల్లీమీటర్లు పడిందనుకోండి, ఎకరానికి నాలుగు లక్షల లీటర్ల నీళ్లన్నమాట. అదంతా ఒక్క రాత్రే పడితే సగానికి సగం గెడ్డలోకి, అంటే వాగులోకి పోవచ్చు. అదే ముసురు పట్టి పది రోజులు పదేసి చొప్పున పడితే ఉబాలు, అంటే వరి నాట్లు సాఫీగా సాగిపోతాయి. మొత్తం ఒకటే, పంట వేరు.

నుయ్యి కూడా చూడాలి. గట్టు మీద ఒకచోట రంగుతో గుర్తు పెట్టి, అక్కడి నుంచి రాయి కట్టిన తాడు వదిలి నీటి మట్టం ఎంత లోతులో ఉందో పదిహేను రోజులకోసారి కొలవండి. మోటారు వెయ్యకముందే, తెల్లారుతూనే కొలవాలి. మోటారు నడిచాక తీసిన కొలత మోటారు సంగతి చెబుతుంది గానీ నేల సంగతి చెప్పదు. వాన పడిన ఎన్నాళ్లకి మట్టం పైకొస్తుందో రెండేళ్లు రాస్తే మీ నుయ్యి స్వభావం తెలుస్తుంది. వాతావరణం మారిందా లేదా అని మాత్రం ఆ రెండేళ్లు చూసి తేల్చకండి, దానికి 30 ఏళ్ల సగటు కావాలి. పాత లెక్కల కోసం మండలం అంకెలు చూసుకోండి.

ఎగువన ఒడిశా కొండల్లో తెలిసినవాళ్లుంటే ఒక సీసా, గరాటు వాళ్లకీ ఇవ్వండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక, ఆ కొండల్లో కురిసిందంతా వంశధారలో వరదై దిగింది. మన ఊళ్లో వాన తగ్గిపోయిందని ధీమాగా ఉండిపోతే ఎలా? పైన సీసా ఎప్పుడు నిండిందో, కింద గెడ్డ ఎప్పుడు పొంగిందో రెండు టైములూ ఒకే పేజీలో రాయండి. మధ్యలో ఎన్ని గంటలు పట్టిందో నాలుగైదు వరదలకి రాసుకుంటే, ఆ తర్వాత పైనుంచి ఫోనొచ్చినప్పుడు పశువుల్ని విప్పడానికీ, మోటారు గట్టెక్కించడానికీ మీ చేతిలో ఎంత టైముందో తెలుస్తుంది.