మెకార్డిల్ వ్యాధి ఉన్నవారు నడక మొదలుపెట్టే పద్ధతి
మెకార్డిల్ వ్యాధిలో కండరాల్లో శక్తి కోసం నిల్వ ఉండే చక్కెర పదార్థమైన గ్లైకోజెన్‌ను విడగొట్టే ఎంజైమ్ లోపిస్తుంది కనుక, నడకలో తొలి నిమిషాలే అన్నిటికంటే కష్టమైనవి. కేబీఆర్ పార్కుకు ఎండ ముదరకముందే వెళ్లి, పక్కవారు దాటిపోతున్నా పట్టించుకోకుండా మెల్లగా అడుగులు వేయండి. పిక్కలు రాయిలా బిగుసుకోకముందే ఆగి, నొప్పి తగ్గాక మళ్లీ కదలండి. సుమారు 8 నుంచి 10 నిమిషాలకు రక్తంలోని గ్లూకోజు, కొవ్వు ఆమ్లాలు కండరాలకు ఎక్కువగా అందడం వల్ల గుండెదడ తగ్గి, నడక తేలికవుతుంది. మీది బద్ధకమని ఇంట్లోవారు అనుకుంటుంటే, ఒకరోజు వెంట తీసుకెళ్లి ఈ మార్పును చూపించండి.

నిండు గ్యాస్ సిలిండర్ ఎత్తడం, మెట్రో స్టేషన్ మెట్లు పరుగున ఎక్కడం మాత్రం వద్దు. కండరాల నొప్పితో పాటు మూత్రం కాఫీ డికాక్షన్ రంగులోకి మారితే, మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదముంది కాబట్టి, తెల్లవారేదాకా ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లి వ్యాధి పేరు ముందుగానే చెప్పండి.