గుంటూరు ఎండల్లో తక్కువ నీళ్లతో లాన్ నిలబెట్టడం ఎలా?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లోనే నాకు ఫోన్లు మొదలవుతాయి: "ట్యాంకర్ల మీద ట్యాంకర్లు పోస్తున్నామండీ, లాన్ పసుపెక్కిపోతోంది" అని. వెళ్తే ఎక్కడైనా ఒకటే తంతు. సాయంత్రం నాలుగింటికి వాచ్‌మన్ పైపు పట్టుకుని ఆకు తడిసేదాకా చల్లుతాడు, మర్నాడు మళ్లీ అదే. అమరావతి రోడ్డు వైపు ఒక కళ్యాణమండపంలో గడ్డి ముక్క పెళ్లగించి చూస్తే వేళ్లు రెండు సెంటీమీటర్లు కూడా లేవు. రోజూ పైపైన తడి దొరుకుతుంటే వేరు కిందికి ఎందుకు దిగుతుంది? ఆ పై పొర మే ఎండకి ఒక్క పూటలో ఆరిపోతుంది.

ఈ విద్య గోల్ఫ్ కోర్సుల్లో గడ్డి బాగోగులు చూసే సూపరింటెండెంట్ల దగ్గర నేర్చుకోవాలి, ముఖ్యంగా ఎడారి ఊళ్లలో పనిచేసేవాళ్ల దగ్గర. అమెరికాలోని లాస్ వేగాస్‌లో ఏడాది మొత్తం మీద పడే వాన దాదాపు 100 మిల్లీమీటర్లు. మనకి ఒక్క వాయుగుండానికే అంత పడిపోతుంది. అక్కడ ఎవరూ నడవని, ఆడని అలంకారపు గడ్డికి కొలరాడో నది నీళ్లు పోయకూడదని 2021లో నెవాడా రాష్ట్రం చట్టమే చేసింది. విడి ఇళ్లకి మినహాయింపు ఉంది, అమలు 2027 నుంచి. అక్కడి కోర్సుల్లో బంతి పడని చోట గడ్డి తీసేసి కంకర, ఎడారి మొక్కలు వేసుకున్నారు.

మీరూ అక్కడే మొదలుపెట్టండి. గోడ వెంబడి మూరెడు మేర, చెట్ల మొదళ్లు, ఎవరూ అడుగుపెట్టని మూలలు, అన్నిచోట్లా గడ్డి తీసేసి ఎండుటాకులు పరచండి. మిగిలినచోట గరిక ఉండాలి. బెర్ముడా గ్రాస్ అని నర్సరీలో అమ్మేది మనం వినాయకుడికి పెట్టే గరిక జాతే. ఎండకి పైన మాడినా కింద దుంపవేరు బతికే ఉంటుంది, నీళ్లు తగిలితే లేస్తుంది. మెక్సికన్ గడ్డి కాలికి మెత్తగా ఉంటుందని వేయిస్తారు, కానీ ఒకసారి పోయిన చోట మళ్లీ అల్లుకోవడానికి నెలలు పడుతుంది. నేనైతే వేయను. వేసవిలో కోత ఎత్తు 5 సెంటీమీటర్లు ఉంచండి, ఒక్కసారికి ఆకులో మూడో వంతుకి మించి కోయొద్దు.

నీళ్లు ఎన్ని పడుతున్నాయో, ఎంత లోతు దిగాయో కొలవడానికి సామాను: స్కూలు స్కేలు, పొడుగు స్క్రూడ్రైవర్, తొమ్మిది రసగుల్లా టిన్నులు. పెరుగు డబ్బాలు పనికిరావు. మూతి వెడల్పు, అడుగు సన్నం కాబట్టి కొలత తప్పుతుంది.

ఇక అందరూ చెడగొట్టేది ఇక్కడే. మీ స్ప్రింక్లర్ గంటకి ఎన్ని మిల్లీమీటర్లు పోస్తుందో కొలవకుండా "అరగంట పెట్టాం" అంటే దానికి అర్థం లేదు. తెల్లవారుజామున, గాలి లేనప్పుడు, టిన్నుల్ని మూడు వరుసలుగా పరిచి 15 నిమిషాలు తిప్పండి. పడమటి వడగాలిలో కొలిస్తే ఆ లెక్క పనికిరాదు. ఒక్కో టిన్నులో నీళ్ల లోతు స్కేలుతో చూసి రాసుకోండి. ఒక దాంట్లో 2 మిల్లీమీటర్లు, ఇంకో దాంట్లో 6 వస్తే ఎండిన చోటు కోసం ఇంకాసేపు తిప్పుదాం అనుకోకండి. నాజిల్లో సున్నం పట్టిందేమో, స్ప్రింక్లర్ తల ఒరిగిందేమో చూసి, బాగుచేసి, మళ్లీ కొలవండి. ఈ మళ్లీ కొలవడం ఎవరూ చేయరు. అక్కడే నీళ్లు పోతున్నాయి.

సగటున 4 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. మండు వేసవిలో గరికకి నేను వారానికి రెండు తడులు, తడికి 12 మిల్లీమీటర్లు ఇస్తాను. అంటే 45 నిమిషాలు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు అంటే ఒక లీటరు, కాబట్టి 100 చదరపు మీటర్ల లాన్‌కి తడికి 1,200 లీటర్లు. పైపుతో పోసేవాళ్లు 20 లీటర్ల బకెట్ ఎన్ని సెకన్లలో నిండుతుందో చూసుకుని ఇదే లెక్క కట్టుకోండి.

ఆ 45 నిమిషాలూ ఒకే దఫా పోయకండి. మనది నల్లరేగడి. బంకమట్టి తడిశాక గంటకి 1 నుంచి 5 మిల్లీమీటర్లే తాగుతుంది, మిగతాదంతా రోడ్డు మీదికి పారుతుంది. 15 నిమిషాలు పోసి, గంట ఆగి, మళ్లీ 15, మళ్లీ గంట, చివరి 15. తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెడితే ఎండ ముదిరేలోపు అయిపోతుంది. సాయంత్రం తడి వద్దు, రాత్రంతా ఆకు తడిగా ఉంటే తెగులు వస్తుంది.

నేల అప్పటికే నెర్రెలు విచ్చి ఉంటే పోసిన నీళ్లు ఆ సందుల్లోంచి వేరుకి అందకుండా దిగిపోతాయి. ముందు నెర్రెల్లో ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి నింపండి, తర్వాతే తడి. దీన్ని దాటేసి "మీరు చెప్పినట్టే చేశాం, ఫలితం లేదు" అన్నవాళ్లు నాకు చాలామంది తెలుసు.

మర్నాడు స్క్రూడ్రైవర్ గుచ్చండి. 12 సెంటీమీటర్ల దాకా సులువుగా దిగితే సరిపోయింది. 5 దగ్గరే ఆగితే దఫాలు పెంచండి, ఒక్కో దఫా నిడివి కాదు. తర్వాతి తడి ఎప్పుడో గడ్డే చెబుతుంది: నడిచాక పాదముద్ర లేవకుండా అలాగే ఉన్నా, పచ్చ రంగు బూడిద నీలంలోకి తిరిగినా నీళ్లు పెట్టాలి. ఒక మూలే అలా ఉంటే ఆ మూలకే పైపుతో పోయండి, మోటారు వేసి లాన్ అంతా తడపకండి.

మృగశిర వచ్చాక ఒక టిన్ను లాన్ మధ్యలో వదిలేయండి. పొద్దున్నే చూసి, 12 మిల్లీమీటర్లు వాన నిండి ఉంటే ఆ తడి మానేయండి. 5 ఉంటే 7 పోస్తే చాలు.